అయిదున్నర శ్రుతి

ఆ ఏడు పడుకళం చీర పొన్నురంగం వాద్యారు చేతికి రాలేదు.

కూత్తు మేళం దిగిన బడి వరండా దాకా అయితే వచ్చింది. ముందు డప్పులు, వాటి వెనక గుడి ధర్మకర్త మన్నారుసామి, ఆయన వెనక పళ్లెంలో పసుపుపచ్చ చీర, పూలు, టెంకాయ, గాజులు పట్టుకుని కీళ్‌మంగలం ఊరి ఆడవాళ్లు ఓ పాతికమంది. మేళానికి గురువైన వాద్యారు ఎప్పటిలాగే లేచి నిలబడ్డాడు. పైపంచ తీసి నడుముకు చుట్టుకుని రెండు చేతులూ చాచాడు. ఆ పొద్దునే నున్నగా గొరిగించుకున్న చేతులవి. పళ్లెం ఆ చేతుల ముందునుంచే సాగిపోయి, వరండా చివర కింద కూర్చుని గజ్జెల తాళ్లు బిగించుకుంటున్న తవమణి దగ్గర ఆగింది.

"లేమ్మా, పట్టుకో," అంది మన్నారుసామి తల్లి. "ఈసారి జుట్టు ముడిచేది నువ్వే. ఆడవాళ్లమంతా అనుకున్నాం."

తవమణి లేచింది కానీ పళ్లెం వంక చూడలేదు. "వాద్యారు ఉండగా నాకెందుకవ్వా?" అంది.

"ఆయన కట్టింది చాలదా? కాస్త కూర్చోనీ పెద్దాయన్ని."

"అవును వాద్యారే," అన్నాడు మన్నారుసామి నవ్వుతూ. "మీ శిష్యురాలే కదా. మీరు కట్టినా ఆవిడ కట్టినా ఒకటే."

చాచిన చేతుల్ని ఏం చేయాలో వాద్యారుకు తోచలేదు. మెల్లగా రెండూ దగ్గరికి చేర్చి, చీరకు దండం పెట్టినట్టు పెట్టాడు. ఎంత వినయమోనని చూసినవాళ్లు అనుకున్నారు. లోపల మాత్రం మనిషి కుతకుత ఉడికిపోతున్నాడు.

ఒకటేనా? ఒకటి ఎలా అవుతుంది? తమిళనాట చెయ్యారు చుట్టుపక్కల భారతం పండగ పెట్టించుకునే ఊళ్లన్నిటిలో ద్రౌపది అంటే పొన్నురంగమే. రాత్రుళ్లు తెల్లవార్లూ ఆడే వీధినాటకంలో, కూత్తులో, ఎవరు ఏ వేషం కట్టినా అది వేషమే. పడుకళం అలా కాదు. పండగ చివరి పగలు ఊరి బయట బయల్లో మట్టితో దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెడతారు. వాడి తొడ పగిలాక ద్రౌపది ఆ నెత్తురు తలకు రాసుకుని, ఇన్నాళ్లూ విరబోసుకున్న జుట్టు ముడుచుకుంటుంది. ఆ ముడి పడ్డాక ఎదురుగా ఉన్నది వేషగాడని ఎవరూ అనుకోరు. ముసలివాళ్లు కాళ్ల మీద పడతారు. చంటిపిల్లల్ని తెచ్చి ఒళ్లో పెడతారు. సంవత్సరమంతా టీకొట్టు ముందు ఎవరికీ పట్టకుండా బీడీ కాల్చుకునే పొన్నురంగం ఆ ఒక్క గడియా అమ్మవారు. ఆ గడియ కోసమే మిగతా రోజులన్నీ బతికేవాడు.

దాన్ని తన చేత్తో తానే పారేసుకున్నాడు. వస్త్రాపహరణం రాత్రి గొంతు బొంగురుపోతే, దుమ్మని చెప్పి, "నువ్వు కట్టు, నేను వెనక పాడతాను," అని తవమణిని పంపింది ఆయనే. సభలోకి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చినప్పుడు తవమణి అరవలేదు, ఏడవలేదు. చీర కుచ్చిళ్లు పిడికిట్లో పట్టుకుని, ముందు వరసలో కూర్చున్న ఊరి మగవాళ్లను ఒక్కొక్కరినే చూస్తూ పోయింది, మీ ఇంట్లో ఆడవాళ్లు లేరా అన్నట్టు. అది ఆయన నేర్పింది కాదు. తెల్లవారేసరికి ఊరి ఆడవాళ్ల నోట ఆ చూపు గురించే మాట.

తవమణి చెప్పుల కంపెనీలో అట్టలకు జిగురు రాసుకునే మనిషి. సెలవులు దొరికినప్పుడు వచ్చి నేర్చుకుంది. నేర్పినవాడే ఇప్పుడు చేతులు చాచి నిలబడ్డాడు.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే తవమణి వచ్చి వాద్యారు పక్కన కూర్చుంది. ఆయన కొబ్బరిచిప్ప మసిలో నూనె కలిపి కాటుక నూరుతున్నాడు.

"నేను అడగలేదు వాద్యారే," అంది.

"అడిగావని నేనన్నానా?"

"మీ మొహం చూస్తే అన్నట్టే ఉంది."

"నా మొహానికేం? అరవై దగ్గరపడుతున్న మొహం. రంగు పూస్తే తప్ప ఎవరికీ నచ్చదు." కాటుక ఇంకా గట్టిగా నూరాడు. "పాట వచ్చా?"

"మీరు పాడగా విన్నదే."

"వినడం వేరు, పాడటం వేరు. లే. వేదాచలాన్ని లేపు."

వేదాచలం హార్మోనియం వాయించేవాడు. వాద్యారు, అతనూ ఒకే గురువు దగ్గర తిట్లు తిన్నవాళ్లు. పెట్టె ముందు కూర్చుని ఆవలించి, అడక్కుండానే అయిదు శ్రుతి పట్టాడు.

ఒకప్పుడు ఈ మేళంలో అయిదున్నర తప్ప మరో శ్రుతి లేదు. మైకులు లేని కాలంలో పొలిమేర దాకా వినిపించాలని గురువు పెట్టిన శ్రుతి అది. సంక్రాంతి వచ్చే తై నెల నుంచే అర దిగింది. "అయిదు దాటితే నా గొంతు అందడం లేదు వాద్యారే," అని తవమణి చెప్పింది. వేదాచలం కూడా అవునన్నాడు. అప్పుడు వాద్యారు పెద్దమనసు చేసుకుని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఊరుకోలేదు. ఆడకూతురు కదా, ఏం చేస్తాం, దాని కోసం మా గురువు పెట్టిన శ్రుతే దించుకున్నానని పోయిన ప్రతి ఊళ్లోనూ చెప్పుకున్నాడు. చెప్పినప్పుడల్లా ఒంటికి హాయిగా ఉండేది.

తవమణి పాడింది.

"విరిసిన కురులు ముడిచే వేళ వచ్చెనమ్మా, వేళ వచ్చెనే..."

వాద్యారు తాళాలు పుచ్చుకుని వంత అందుకున్నాడు. ఆమె వదిలిన చోట పట్టుకోవాలి, తాళం తెగకూడదు, మాట నలగకూడదు. వెనక నుంచి వంత సరిగ్గా పడితేనే ముందున్న వేషం ఊపిరి తీసుకుంటుంది. 'వేళ' దగ్గర పాట మెట్టెక్కి పైన నిలబడుతుంది. అయిదులో అది ఆయనకు సులువుగానే అందింది.

"పైన ఇంకా నిలబెట్టాలి," అన్నాడు. "జారిపోతోంది."

జారలేదని ముగ్గురికీ తెలుసు. తవమణి తల ఊపి మళ్లీ పాడింది. ఎక్కడ తప్పు పట్టాలో దొరక్క వాద్యారు చెయ్యి తిప్పడం బాగాలేదన్నాడు. తిప్పి చూపించాడు. మణికట్టు వంచి, వేళ్లు ఒకదాని వెనక ఒకటి విప్పుతూ, జుట్టు పాయలు తీస్తున్నట్టు. మంచి చెయ్యి ఆయనది. తవమణి దాన్ని కళ్లార్పకుండా చూసింది. ఆ చూపు చూస్తే ఆయనకు ఇంకా మండింది. ఇదీ పట్టుకుపోతుంది, అనుకున్నాడు.

సాయంత్రం టీకొట్టు దగ్గర మన్నారుసామి ఒంటరిగా దొరికాడు.

"ఏం లేదు, ఓ మాట చెప్పాలని," అని మొదలుపెట్టాడు వాద్యారు. "ఆడమనిషి కదా. పడుకళమంటే మడి. ముట్టూ గిట్టూ అని ఏదైనా వస్తే ఊరికి మాట వస్తుంది. నాకేం, మీ మంచి కోసం..."

"అదంతా మా అమ్మ అడిగేసింది వాద్యారే. ఏ ఇబ్బందీ లేదట. పండగకు కాపు కంకణం కట్టిన రోజు నుంచి ఆ అమ్మాయి ఒంటిపూటే తింటోంది కూడా." మన్నారుసామి గ్లాసు కింద పెట్టాడు. "మీరు మాత్రం మొన్న పరోటా తిన్నారట?"

వాద్యారు ఆ మాట వినపడనట్టు దగ్గాడు. "సరే. శ్రుతి సంగతి ఉంది మరి. పడుకళం పాట అయిదున్నరలో పాడాలి. అది ఆచారం. ఆ అమ్మాయి గొంతు అయిదు దాటదు. పైన కీచుమంటే అమ్మవారి ముందు నవ్వులపాలు."

ఇది మన్నారుసామికి కొత్త. కనుబొమలు ముడిచాడు. "దాటదా? వస్త్రాపహరణం రోజు బాగానే పాడిందే."

"అది అయిదే. నేను దించి పెట్టాను కాబట్టి గడిచింది."

"మరిప్పుడు ఏం చేద్దాం? ఆడవాళ్లకు మాట ఇచ్చేశాం. చీర కూడా చేతిలో పెట్టేశాం."

"పాడనివ్వండి," అన్నాడు వాద్యారు, ఎంతో దయగా. "ఆ రోజు అయిదున్నరలోనే పాడిస్తాను. వస్తే సంతోషం. రాకపోతే వచ్చే ఏడు మీరే ఆలోచించుకుందురు గాని."

మన్నారుసామి ఒప్పుకున్నాడు. వాద్యారు టీ ఆ రోజు ఎందుకో చాలా తియ్యగా ఉంది.

మర్నాడు ఊరి నుంచి భార్య అంజలై వచ్చింది, నిప్పుల గుండం చూడ్డానికి. ఏటా వచ్చినట్టే తన చీరల్లో మంచివి రెండు, సవరం, మోచేతి దండలు సంచిలో పెట్టుకుని వచ్చింది. వాద్యారు సంచి వంక చూడనే లేదు. గోడకు ఆనుకుని కూర్చుని చెప్పాల్సిందంతా చెప్పాడు. ఆమె కాళ్లు చాపుకుని తమలపాకులకు సున్నం రాసుకుంటూ వింది.

"అయిందా?" అంది చివరికి.

"ఏమిటి అయిందా? నా కడుపు మండుతుంటే నీకు ఆటగా ఉందా?"

"ఆటగానే ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచి నా చీరలు కట్టుకుని నువ్వు దండాలు పెట్టించుకుంటుంటే, నేను గుంపులో నిలబడి చూశాను. ఓ ఏడు నా పెళ్లి చీరకే ఆ ఎర్ర నీళ్లు పులుముకొచ్చావు. నా కడుపు మండలేదనుకున్నావా?"

"నీకెందుకు మండాలి?"

"ఊళ్లో ఆడవాళ్లు నీ నడుం చూసి నన్ను చూసి నవ్వేవాళ్లు. అందుకు." ఆకు నోట్లో పెట్టుకుంది. "ఇప్పుడు నువ్వు వంత పాడు. నేను ఇన్నేళ్లూ పాడింది అదే. చచ్చిపోలేదుగా."

వాద్యారు లేచి బయటికి పోయాడు. వరండాలో తవమణి చుట్టూ ఊరి ఆడపిల్లలు మూగి ఉన్నారు. ఒకమ్మాయి ఆమె గోళ్లకు గోరింటాకు పెడుతోంది. ఇంకొకతె చెంబుతో మజ్జిగ పట్టుకుని నిలబడింది. తనకు ఏనాడూ ఎవరూ గోరింటాకు పెట్టలేదని వాద్యారుకు అప్పుడు గుర్తొచ్చింది. ఎర్ర రంగు తనే పూసుకునేవాడు. ఇంత చిన్న విషయానికి కూడా గుండెలో కలుక్కుమనడం చూసి ఆయనకే సిగ్గేసింది. కానీ సిగ్గు వచ్చినంత మాత్రాన కలుక్కుమనడం పోలేదు.

పడుకళం రోజు పొద్దెక్కక ముందే బయలు నిండిపోయింది. మట్టి దుర్యోధనుడు కాళ్లూ చేతులూ బార్లా చాపి, గుడ్లు మిటకరించి ఆకాశం వంక చూస్తున్నాడు. వాడి మీసాలు చూసి పిల్లలు కేకలు పెడుతున్నారు. మిరపకాయ బజ్జీల బళ్లు, ఐసు బండి, గాజుల దుకాణాలు ఓ పక్క. ఇంకో పక్క చింతచెట్టు కింద బల్ల వేసి మేళం సర్దుకున్నారు.

చీర చాటున తవమణికి వేషం కట్టింది వాద్యారే. మేళంలో ఆ పని ఇంకెవరూ చేయరు. మొహానికి అర్దళం రంగు పూశాడు. కనురెప్పల చివర కాటుక లాగాడు. సవరం పాయను ఆమె జుట్టులో కలిపి కట్టేటప్పుడు ఒక్క క్షణం వేళ్లు ఆగాయి. ముడి కాస్త వదులుగా వేస్తే చాలు. తల విదిలించగానే ఊడి మట్టిలో పడుతుంది. జనం గొల్లుమంటారు. ఆ ఆలోచన నోరూరించింది కూడా. కానీ వేళ్లు తమ పని తాము చేసుకుపోయాయి. రెండు చుట్లు తిప్పి, పురి వేసి, గట్టిగా బిగించాయి. బాగా బిగిసిందో లేదో అని లాగి కూడా చూశాయి.

"నొప్పిగా ఉందా?" అన్నాడు.

"లేదు వాద్యారే."

"అయితే బాగా పడ్డట్టే." వెనక్కి జరిగి చూసుకున్నాడు. అందంగా ఉంది. మాట పడేశాడు. "ఇవాళ అయిదున్నర."

తవమణి రెప్పలు పైకెత్తింది. కాటుక ఇంకా ఆరలేదు. "ఇవాళ వద్దు వాద్యారే."

"ఏం?"

"ఇవాళ్టికి అయిదే ఉండనివ్వండి. కావాలంటే ఈ పండగ దాటాక ఆడి నెల నుంచి పెంచుకుందాం. మీ కాళ్లకు దండం పెడతాను."

"అమ్మవారి చీర కట్టుకుని నా కాళ్లకు దండమేంటి?" భయపడుతోంది, అనుకున్నాడు. ఒళ్లంతా చల్లబడింది. ఎన్ని రోజుల తర్వాతో చల్లబడింది. "ధర్మకర్తకు మాట ఇచ్చాను. పడుకళం పాటకు శ్రుతి దించితే మా గురువు పైనుంచి ఉమ్మేస్తాడు."

ఆమె కుచ్చిళ్లు సర్దుకుని లేచింది. వెళ్లి వేదాచలంతో చెప్తే, అతను మెడ తిప్పి వాద్యారును చూశాడు.

"రంగం, వద్దురా," అన్నాడు మెల్లగా. "నా మాట విను."

"నీ శ్రుతి నువ్వు పట్టు. మిగతావి నీకెందుకు?"

"తర్వాత నన్ననకు."

వేదాచలం అయిదున్నర పట్టాడు.

భీముడూ దుర్యోధనుడూ మట్టి బొమ్మ చుట్టూ, దాని గుండె మీదా, పొట్ట మీదా ఎక్కి పరుగులు తీశారు. గదలు తగిలాయి. తొడలో పాతిన కుండ పగిలి ఎర్ర నీళ్లు చిమ్మాయి. జనం ఒక్కపెట్టున గోవిందా అన్నారు. ఆడవాళ్లు దారి చేశారు. పసుపుపచ్చ చీరలో, మోకాళ్ల దాకా విరబోసుకున్న జుట్టుతో తవమణి నడిచి వచ్చింది. పరుగెత్తలేదు, ఊగలేదు. పొలానికి పోయే మనిషిలా నడిచి వచ్చి, తొడ దగ్గర కూర్చుని, చేతులు ఎర్ర నీళ్లలో ముంచింది. వాద్యారు అక్కడ మూడు చుట్లు ఎగిరి కూర్చునేవాడు. ఎగరకుండానే జనం ఊపిరి బిగబట్టారు.

అప్పుడు పాట ఎత్తుకుంది.

"విరిసిన కురులు ముడిచే..."

వాద్యారు తాళాలు పట్టుకుని, మెడ ముందుకు చాచి, ఆ 'వేళ' కోసం చూస్తున్నాడు. కీచుమనడం కోసం చూస్తున్నాడు. అది వచ్చింది. ఎక్కింది. పైన నిలబడింది. ఏ బరువూ లేకుండా, పెరట్లో దండెం మీద చీర ఆరేసినంత సులువుగా నిలబడింది. ఇన్నాళ్లూ అయిదులో కాస్త అణిగి ఉన్నట్టుండే గొంతు ఇప్పుడు తన ఇంటికి తాను వచ్చినట్టు తెరుచుకుంది. అయిదున్నర ఆమెకు పైశ్రుతి కాదు. ఆమె శ్రుతే అది.

ఆశ్చర్యపోవడానికి వ్యవధి లేదు. ఆమె వదిలేసింది. వంత అందుకోవాలి. వాద్యారు రొమ్ము నిండా గాలి తీసుకుని అందుకున్నాడు. 'విరిసిన' వచ్చింది. 'ముడిచే' దగ్గర గరగరమంది. 'వేళ' దగ్గర గొంతు రెండుగా చీలి, అప్పుడే కూత నేర్చుకుంటున్న పుంజులా కీచుమని, ఆ తర్వాత ఏమీ రాలేదు. నోరు తెరుచుకునే ఉంది. గాలి మాత్రం పోతోంది.

తాళం తెగబోయిన ఆ సందులో తవమణి వెనక్కి తిరగలేదు. పాట కట్టిందే అలాగన్నట్టు, వంత పాడాల్సిన చరణం కూడా తనే అందుకుని ఒక్క ఊపిరిన తెచ్చి ఒడ్డున పడేసింది. రెండోసారి వంత వచ్చే చోట నెత్తురు చేతులు ఎత్తి ఆడవాళ్ల వైపు చాచింది. వాళ్లకు తెలియని పాటా అది? చిన్నప్పటి నుంచీ విన్నదే. ముందు ఒకరిద్దరు, తర్వాత ఆ బయలంతా 'వేళ వచ్చెనే' అంది. వాద్యారు తాళం వేస్తూ నిలబడ్డాడు. ఆయన చేయగలిగింది అంతే.

ముడి పడింది. జనం విరగబడ్డారు. ఏటా ఆయన కాళ్లు పట్టుకుని ఏడ్చే పళ్లూడిన ముసలమ్మ ఒకామె చింతచెట్టు కింద నుంచే వచ్చింది. వాద్యారు తెలియకుండానే పాదాలు దగ్గరికి జరుపుకున్నాడు. "జరుగయ్యా, దారి ఇయ్యి," అని మోచేత్తో తోసి ఆమె తవమణి వైపు పోయింది.

జనం దుర్యోధనుడి మట్టి కోసం ఎగబడుతున్నారు, గాదెలో వేసుకుంటే ధాన్యం తరగదని. ఆ సందట్లో వేదాచలం హార్మోనియం తిత్తి మూసి, పెట్టె మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు.

"దీని గొంతు అయిదు దాటదన్నారు కదరా ఇద్దరూ," అన్నాడు వాద్యారు. గొంతు ఇంకా సర్దుకోలేదు.

"ఆడగొంతుకు అయిదున్నర ఓ లెక్కా రంగం? ఇంట్లో లాలిపాట పాడే ఆడది ఎవతైనా అక్కడే పాడుతుంది. మగవాళ్లం మనం కదా పేగులు తెంచుకుని అంత పైకి ఎక్కేది. ఇంతమందికి నేర్పినవాడివి, నీకా మాట తోచలేదా?"

"తనే చెప్పింది."

"చెప్పింది. తై నెలలో నీ గొంతు రెండు ఊళ్లలో వరసగా జారాక చెప్పింది. ముందు నా దగ్గరికొచ్చింది. మామా, నాకు అందడం లేదని వాద్యారుతో అంటాను, మీరూ అవునని అనండి, ఆయన కోసమని తెలిస్తే శ్రుతి దించనివ్వరు అంది. అన్నాను."

"నాకు చెప్పొచ్చుగా నువ్వు."

"చెప్తే వినేవాడివా? పైగా ఎంత సంతోషంగా నమ్మావురా. నమ్మి ఊరూరా చాటుకుంటూ తిరిగావు. ఆ పిల్ల పక్కనే కూర్చుని వింటూ ఉండేది."

వాద్యారు తాళాల తాడు చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు. మనసు కరిగిపోవాల్సిన చోటు ఇదేనని ఆయనకు తెలుసు. కరగలేదు. ఇంకా మండింది. ఆమెకు గొంతు ఉన్నందుకు కాదు. ఉన్న గొంతును లేదని చెప్పుకుని, నలుగురూ చిన్నచూపు చూస్తుంటే నోరు మూసుకుని కూర్చోగలిగినందుకు. ఆ పని ఆయన వల్ల ఏనాడూ కాలేదు, ఇక ముందు కూడా కాదు. చెయ్యి తిప్పడమైతే నేర్చుకోవచ్చు. ఇది ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

మధ్యాహ్నం బడిలో మేళానికి భోజనాలు పెట్టారు. విస్తళ్లలో సాంబారన్నం, గుమ్మడికాయ కూర, పాయసం. మన్నారుసామి తనే గరిటె పట్టుకుని వడ్డిస్తూ వచ్చాడు. ఆయన తల్లి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంది. అంజలై తవమణి పక్కన కూర్చుని ఆమె మెడ మీద ఎండిపోయిన ఎర్ర రంగు తడిగుడ్డతో తుడుస్తోంది.

"అంతా బ్రహ్మాండం," అన్నాడు మన్నారుసామి. "పాట మధ్యలో ఒక్క చోట మాత్రం కీచుమంది. మా అమ్మ కూడా అడిగింది. ఎవరిది వాద్యారే అది?"

వాద్యారు నోట్లో ముద్ద ఉంది. అది మింగేలోపే తవమణి అంది, "నాదేనయ్యా. శ్రుతి అందలేదు. పైన పట్టు తప్పింది. వాద్యారు ఆగిపోయి నన్ను సర్దుకోనిచ్చారు."

వేదాచలం విస్తట్లో కూర అటూ ఇటూ జరిపాడు.

"మీరు ముందే చెప్పారు," అన్నాడు మన్నారుసామి వాద్యారుతో, ఇంకో గరిటె పాయసం పోస్తూ. "నేనే వినలేదు. నీ తప్పేం లేదులేమ్మా, ఆడగొంతు. వచ్చే ఏడు మాత్రం మళ్లీ మీరే కట్టాలి వాద్యారే. ఆడవాళ్లకు నేను చెప్పుకుంటాను."

కోరుకున్నది కోరుకున్నట్టు విస్తట్లోకి వచ్చి పడింది. వాద్యారు దాన్ని చూశాడు. చీర, పూలు, గాజులు, కాళ్ల మీద పడే ముసలమ్మలు. ఊఁ అంటే చాలు. తవమణి తలెత్తకుండా అన్నం కలుపుకుంటోంది. వాద్యారు చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాడు.

"అది తనది కాదు," అన్నాడు. "కీచుమంది నేను. గొంతు పోయింది నాకు."

మన్నారుసామి గరిటె పట్టుకునే పకపకా నవ్వాడు. "చూశారా. శిష్యురాలి మీద మాట పడనివ్వరు."

"నిజం చెప్తున్నాను."

"చెప్పండి చెప్పండి. ఎవరు నమ్ముతారు? ఇన్నేళ్లుగా మీ గొంతు మాకు తెలియదా?"

"గురువంటే అలా ఉండాలి," అంది ధర్మకర్త తల్లి గుమ్మం దగ్గర నుంచి, కళ్లు తుడుచుకుంటూ. "తప్పు తన మీద వేసుకుంటున్నాడు. ఎంత మనసు."

వడ్డించేవాళ్లు కూడా ఆగి ఆయన్ను ఆరాధనగా చూస్తున్నారు. ఇన్ని రోజులూ ఆ చూపు కోసమే మొహం వాచిపోయాడు. ఇప్పుడు అదే ఒంటి మీద జెర్రి పాకినట్టుంది. ఆమె చేసిన పనికి ఆయనకు పేరు వస్తోంది. దీన్నీ మింగితే ఇక మనిషిగా మిగలననిపించింది.

విస్తరి ముందు నుంచి లేచాడు. "వేదాచలం, పెట్టె తియ్."

"ఇప్పుడా? అన్నం తినరా."

"అయిదున్నర పట్టు."

వేదాచలం ఒకసారి తవమణి వంక చూసి, ఎడమచేత్తో పెట్టె దగ్గరికి లాక్కుని తిత్తి తెరిచాడు. వాద్యారు ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టుకుని బడి గది మధ్యలో నిలబడ్డాడు. లుంగీ, బనీను, చెవుల దగ్గర ఇంకా పోని కాటుక మరక. ఎడమచెయ్యి దానంతటదే లేచి పాయలు తీయడం మొదలుపెట్టింది.

"విరిసిన కురులు ముడిచే..."

అంతవరకూ బాగానే వచ్చింది. మన్నారుసామి, చూశారా అన్నట్టు అందరి వైపూ తిరిగాడు. వాద్యారు ఆగలేదు. తప్పించుకోవాలంటే అక్కడ కిందికి దించుకునే దారి ఉంది, ఆయనకు తెలుసు. దించుకోలేదు. నిండా ఊపిరి పీల్చి తిన్నగా 'వేళ' మీదికే ఎక్కాడు. గొంతు చీలింది. పొద్దున చీలిన చోటే, పొద్దున కంటే ఘోరంగా. అయినా నోరు మూయలేదు. ఆ కీచు అందరికీ వినిపించేదాకా, ఇంకెవరిదీ కాదని గుమ్మం దగ్గరి ముసలమ్మకు కూడా తెలిసేదాకా అలాగే నిలబెట్టాడు. మన్నారుసామి చేతిలో గరిటె నుంచి పాయసం నేల మీద కారుతోంది. అంజలై చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది.

అప్పుడు వెనక నుంచి వంత వచ్చింది. తవమణి లేవలేదు. కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసి, కూర్చున్న చోటునుంచే, ఆయన తెగిన చోట పట్టుకుంది. తాళం తెగలేదు, మాట నలగలేదు. తన గొంతంతా తెరవకుండా, ఆయన గొంతుకు కాస్త వెనగ్గా, కాస్త కిందగా పాడింది.

ఎంత బాగా అందుకుంది. ఆ బాగు వింటుంటే వాద్యారు కడుపులో మళ్లీ అదే మంట. కానీ ఊపిరి తీసుకోవడానికి చోటు దొరికింది. తీసుకున్నాడు.

"ఇంకాస్త గట్టిగా అందుకో," అన్నాడు, ఆమె వైపు తిరగకుండానే. "నాది వినబడుతోంది."